తండ్రి చూడని బిడ్డ
(డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము)

చదువవలసిన వాక్యభాగము: యోహాను సువార్త 4వ అధ్యాయము, 46 నుండి 54 వచనములు.



మన ఉయ్యాలవాడ పేరులోనే ఉయ్యాల ఉన్నది. పెండ్లియైన ఇంట మొదటిసారి ఉయ్యాల కట్టిన దినమున ఆ ఇంటివారి సంతోషము చెప్పనలవి కాదు. తాత పేరు పెట్టవలెనా, బైబిలులోని పేరు పెట్టవలెనా అని ఇంటిల్లిపాదియు తర్కించుకొందురు. అయితే ఉయ్యాల కట్టిన ప్రతి ఇంటికిని ఏదో ఒక రాత్రి మరియొక విధమైన గడియ వచ్చును. బిడ్డ ఒళ్ళు కాలిపోవుచుండును. పాలు త్రాగదు. ఏడ్చుటకు కూడ ఓపిక లేక మూలుగుచుండును. తల్లి ఒడిలో పెట్టుకొని కూర్చుండును. ఆమెకు ఇది మొదటి కాన్పు; ఏది చిన్న జబ్బో, ఏది పెద్ద జబ్బో ఆమెకు తెలియదు. మొదటి కాన్పు గనుక ఆమె పుట్టినింట ఉన్నది. తండ్రి ఎక్కడనో ఉన్నాడు. బెంగుళూరులో కట్టడపు పనిలోనో, కువైటులో కారు నడుపుచునో ఉన్నాడు. ఫోనులో బిడ్డ ముఖము చూచి, ఏమి చేయవలెనో తోచక అక్కడ అతడును నిద్రలేక కూర్చుండును.

కుందూ ప్రక్కనున్న మన పల్లెలలోని సంఘములను దర్శించునప్పుడు ఇట్టి రాత్రులను గూర్చి మేము ఎన్నో మారులు వినియున్నాము. బిడ్డ కోలుకొన్న ఇండ్లలో దానిని సాక్ష్యముగా చెప్పుదురు. కోలుకొనని ఇండ్లలో ఎవరును ఏమియు చెప్పరు. ఆ చెప్పని ఇండ్లను తలంచుకొనియే ఈ నెల మేము ఒక గొప్పవాని జీవితమును మీ యెదుట పెట్టుచున్నాము.

1866 కరువు దినములలో ఆకలిగొన్నవారికి అన్నము పెట్టిన బుడ్డా వెంగళరెడ్డిగారు ఉయ్యాలవాడవారే అని మనకందరికిని తెలియును. తన ఇంటివారు కాని వారి బిడ్డలను బ్రదికించినవాడని ఆయనను ఇప్పటికిని తలంచుకొందుము. ఇప్పుడు మేము చెప్పబోవునది గోదావరి జిల్లాలో పుట్టిన మరియొక తెలుగువానిని గూర్చి. ఆయన కూడ పరుల బిడ్డలను బ్రదికించినవాడే. అయితే తన స్వంత బిడ్డను ఆయన ఒక్కసారియైన చూడలేదు. ఆయన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12న భీమవరములో ఒక పేద బ్రాహ్మణ కుటుంబమున పుట్టిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యము చెడి పని మానుకొనవలసి వచ్చెను. తల్లి వెంకమ్మగారు పట్టుదల గల స్త్రీ. బాలుడు చదువుమీద మనస్సు నిలుపక, పదమూడేండ్ల ప్రాయములో ఒక బంధువుల బాలునితో కూడ ఇల్లు విడిచి కాశీకి బయలుదేరెను. అక్కడి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడింపవలెనని వారి తలంపు. తల్లి అతనిని వెనుకకు రప్పించి మరల బడికి పంపెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు మారులు తప్పి మూడవ మారు మద్రాసులో నెగ్గెను. తండ్రి పోయిన పిమ్మట చదువు సాగుటకు తల్లి తన నగలు అమ్మెను. ఆమె ఆ దినమున చేయి చాపి ఇచ్చినది ఎంత దూరము వెళ్ళునో ఆమెకు తెలియదు. తల్లులు ఇచ్చునవి అట్లే ఉండును.

యౌవనములో సుబ్బారావుగారు సన్యాసియై రామకృష్ణ మఠములో చేరగోరిరి. తల్లి ఒప్పుకొనలేదు. వైద్యము నేర్చుకొనినచో మనుష్యులకు సేవ చేయవచ్చునని మద్రాసు వైద్య కళాశాలలో చేరిరి. అవి గాంధీగారు విదేశీ వస్తువులను విడువుమని పిలుపిచ్చిన దినములు. సుబ్బారావుగారు శస్త్రచికిత్స గదిలో కూడ ఖద్దరు ధరించిరి. అది పైవారికి రుచింపలేదు. దాని ఫలితముగా పెద్ద పట్టమైన ఎం.బి.బి.ఎస్. కాక, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఆయనకు దక్కెను. ఈ మధ్యనే కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారితో ఆయనకు వివాహమయ్యెను. మామగారు ఆయన చదువుకు ధనసహాయము చేయుచు వచ్చిరి.

ఆ ఇంటిమీద రోగము ఒకటి వచ్చి పడెను. దాని పేరు స్ప్రూ. తిన్నది ఒంటబట్టక, నాలుక పూసి, ఎడతెగని విరేచనములతో రోగి రక్తహీనుడై చిక్కిపోవును. ఆ దినములలో ఆ రోగమునకు కారణమును, నమ్మకమైన మందును ఎవరికిని తెలియవు. సుబ్బారావుగారి సోదరులిద్దరు కొలది దినముల తేడాతో మరణించిరి. తరువాత ఆయనకే ఆ రోగము తగిలెను. ఆయుర్వేద వైద్యులైన ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో ఆయన బ్రదికిరి. తరువాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రమును బోధించిరి. అయితే సోదరులను తీసికొనిపోయిన రోగమునకు మందు కనుగొనవలెనను తలంపు ఆయనను విడువలేదు. అందుకు తగిన చదువు ఇక్కడ దొరకదని అమెరికా వెళ్ళుటకు నిశ్చయించుకొనిరి. మామగారు కొంత, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మనిధి కొంత సహాయము చేయగా, చేతిలో కొద్దిపాటి డబ్బుతో బోస్టను పట్టణమునకు చేరిరి.

అక్కడ హార్వర్డు విశ్వవిద్యాలయములో ఉష్ణదేశపు రోగములను గూర్చి చదివిరి. మన దేశపు వైద్య పట్టముతో అక్కడ వైద్యము చేయుటకు వీలులేదు. కడుపు నిండుటకు ఒక ఆసుపత్రిలో రాత్రివేళ సేవకునిగా పనిచేసిరి. రోగుల మలమూత్ర పాత్రలు కడిగిరి. మద్రాసులో డాక్టరుగా ఉండవలసినవాడు, ఒక ఇంటి అల్లుడు, అక్కడ ఆ పని చేసెను. మన సంఘములనుండి గల్ఫు దేశములకు వెళ్ళినవారికి ఈ మాట బాగుగా అర్థమగును.

ఆయన సముద్రము దాటిన పిమ్మట ఇక్కడ శేషగిరిగారికి కుమారుడు పుట్టెను. వార్త ఉత్తరముల మీద వెళ్ళవలెను. ఆ దినములలో మద్రాసునుండి ఓడ మీద బయలుదేరిన ఉత్తరము అమెరికా చేరుటకు వారములు పట్టును. బిడ్డ పుట్టెనని తండ్రికి తెలియునాటికే బిడ్డ కొంత పెరిగియుండును. ఉత్తరములో వ్రాసిన బిడ్డకును, ఉయ్యాలలోని బిడ్డకును ఎల్లప్పుడును కొన్ని వారముల దూరము.

ఆ బిడ్డకు ఏడాది తిరుగకమునుపే జబ్బు చేసెను. జబ్బు పేరు ఎరిసిపెలాస్. మన వైద్యగ్రంథములు దీనిని విసర్పి అందురు. స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మక్రిమి చర్మములోని చిన్న గాయము ద్వారా లోపలికి పోవును. అక్కడ చర్మము ఎఱ్ఱబడి, వాచి, నిప్పువలె వేడెక్కును. ఆ ఎఱుపు అంచుకట్టి గంటగంటకు ప్రాకుచుండును. దానితో తీవ్రమైన జ్వరము వచ్చును. పెద్దవారు తట్టుకొందురేమో గాని, పసిబిడ్డలలో క్రిమి రక్తములోనికి దిగినచో ప్రాణము మీదికి వచ్చును. 1920లలో లోకమందు ఎక్కడను దీనికి నమ్మదగిన మందు లేదు. ఇక్కడ పల్లెలో లేకపోవుట మాత్రమే కాదు. తండ్రి చదువుచున్న ఆ గొప్ప విశ్వవిద్యాలయములో కూడ లేదు. బిడ్డ చనిపోయెను. తండ్రి ఆ బిడ్డను చూడలేదు, ఎత్తుకొనలేదు.

ప్రియులారా, ఇక్కడ కొంచెము ఆగుదము. జర్మనీ దేశములో గెర్హార్డు డోమాక్ అను శాస్త్రవేత్త ఉండెను. 1935లో ఆయన చిన్న కుమార్తె చేతిలో సూది గ్రుచ్చుకొని, ఇదే జాతి క్రిమి చేయియంతయు ప్రాకెను. చేయి తీసివేయవలసి వచ్చునని వైద్యులు భయపడిరి. అప్పుడే తన పరిశోధనశాలలో తయారైయున్న ప్రాంటోసిల్ అను క్రొత్త మందును తండ్రి ఆమెకిచ్చెను. ఆమె బ్రదికెను, చేయియు దక్కెను. మన సుబ్బారావుగారి బిడ్డ పోయిన సుమారు పదేండ్లకు జరిగిన సంగతి యిది. ఒక తండ్రి చేతిలో మందు ఉండెను. మరియొక తండ్రి చేతిలో లేదు. ఒకడు బిడ్డ మంచము ప్రక్కన ఉండెను. మరియొకడు సముద్రముల కావల ఉండెను. ఇద్దరిలో ఎవరు ఎక్కువ ప్రేమించిరని కొలుచుటకు మనము తగినవారము కాము.

తండ్రి దుఃఖమును గూర్చి వ్రాయువారు తల్లి దుఃఖమును తరచుగా మరచుదురు. మేము మరువదలచలేదు. ఆ ఎఱుపు ప్రాకుట చూచినది శేషగిరిగారు. రాత్రులు మేల్కొనియున్నది ఆమె. సమాధానము వారములకు గాని రాని చోటికి ఆ వార్త ఇక్కడనుండియే వెళ్ళవలెను. మొదటి బిడ్డ, మొదటి పెద్ద జబ్బు, ప్రక్కన భర్త లేడు. తరువాతనైన భర్త వచ్చి ఆ దుఃఖములో పాలుపంచుకొనెనా? లేదు. సుబ్బారావుగారు మరల స్వదేశము చూడలేదు. చదువు, పరిశోధన, బీదరికము, పిమ్మట యుద్ధము, ఆ పిమ్మట మరింత పరిశోధన; సంవత్సరములు అట్లే గడిచిపోయెను. ఆమె జీవితకాలము ఎదురుచూపులోనే గడిచెను. ఆయన గొప్పతనమును చెప్పుకొనునప్పుడెల్ల దాని వెలలో సగము ఆమె చెల్లించెనని కూడ చెప్పుకొనుట న్యాయము.

ఇక ఆయన చేసిన పని చెప్పెదము. సైరస్ ఫిస్కె అను ఆచార్యునితో కలిసి, రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. వైద్య పరీక్షశాలలలో అది ఎంతో కాలము వాడుకలో ఉండెను. కండరములు పనిచేయుటకు కావలసిన శక్తి శరీరములో ఏ రూపమున నిలువయుండునో చూపునట్టి ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును 1927లోను, ఏ.టి.పి. అను పదార్థమును 1929లోను వెల్లడించిరి. మనము నాగలి పట్టినను, బిడ్డ పాలు చప్పరించినను ఖర్చగునది ఆ ఏ.టి.పి.యే. 1930లో డాక్టరేటు పొందిరి. అయినను ఆ విశ్వవిద్యాలయములో ఆయనకు స్థిరమైన పెద్ద ఉద్యోగము దొరకలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్ అను ఊరిలోగల లెడర్లీ మందుల కంపెనీలో చేరి, అచ్చటి పరిశోధనకు పెద్దయయ్యెను.

మన దేశములో బొంబాయి నూలుమిల్లులలో పనిచేయు గర్భిణీ స్త్రీలలో కనబడు ఒక రక్తహీనతను లూసీ విల్స్ అను వైద్యురాలు పరిశోధించి, ఈస్టు సారముతో అది నయమగునని 1931లో ప్రకటించిరి. ఆ సారములో ఏ పదార్థము ఆ పని చేయుచున్నదో ఎవరికిని తెలియదు. అది తరువాత ఫోలిక్ ఆసిడ్ అని తేలెను. దానిని ప్రయోగశాలలో తయారుచేయు మార్గమును సుబ్బారావుగారి నాయకత్వములోని బృందము 1945లో కనుగొనెను. ఆ మందు స్ప్రూ రోగమునకు కూడ పనిచేసెను. తన సోదరులను తీసికొనిపోయిన రోగమది. వారు పోయిన పాతికేండ్లు దాటిన తరువాత ఆయన దానికి మందు పట్టుకొనెను.

నేడు మన ఊరి అంగన్‌వాడీలోను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోను గర్భిణీ స్త్రీలకిచ్చు ఇనుము మాత్రలో ఉన్నది ఆ ఫోలిక్ ఆసిడే. గర్భిణిగా ఉన్నప్పుడు 180 దినములు ఆ మాత్ర మ్రింగవలెనని చెప్పుదురు. గర్భము నిలుచుటకు ముందునుండియే, మొదటి నెలలలోను ఆ ఆసిడ్ చాలినంత ఉన్నచో బిడ్డ వెన్నెముకలో, మెదడులో కలుగు కొన్ని లోపములు చాలవరకు రాకుండ ఆగును. ఉయ్యాలవాడలో కోడలు ఆ మాత్రను మరచి గూటిలో పెట్టినప్పుడు, దాని వెనుక ఒక తెలుగువాని జీవితకాలపు శ్రమ ఉన్నదని అత్తగారు ఆమెకు జ్ఞాపకము చేయవచ్చును.

1947లో ఆయన బృందము హెట్రజాన్ అను మందును తెచ్చెను. బోదకాలు కలుగజేయు క్రిములను అది చంపును. గోదావరి డెల్టాలో పుట్టిన ఆయనకు బోదకాలు తెలియని రోగము కాదు. ఇప్పటికిని ఆ రోగమున్న జిల్లాలలో ఇంటింటికి పంచునది ఆ మందే.

ఇక పిల్లల సంగతి. రక్త క్యాన్సరు వచ్చిన పసివారికి ఆ దినములలో ఏ మందును లేదు. రోగము తెలిసినప్పటినుండి కొలది వారములలోనో నెలలలోనో బిడ్డ పోవును. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు ఇట్టి పిల్లలను చూచుచుండెను. ఫోలిక్ ఆసిడ్‌ను పోలియుండి దాని పనిని అడ్డగించు మందులు కావలెనని ఆయన కోరగా, సుబ్బారావుగారి బృందము వాటిని తయారుచేసి పంపెను. అందులో అమైనోప్టెరిన్ అనుదానిని 1947 చివరినుండి పిల్లలకిచ్చి చూచిరి. 1948 జూనులో ఫార్బర్ ఫలితములను ప్రకటించెను. పదునారుగురు పిల్లలలో పదిమందికి రోగము కొంతకాలము వెనుకకు తగ్గెను. అది నిలుచు స్వస్థత కాదు; రోగము మరల వచ్చెను. అయినను మందుతో ఈ రోగమును వెనుకకు నెట్టవచ్చునని లోకమునకు మొదటిసారి తెలిసెను. దాని సోదరియైన మెథోట్రెక్సేట్ నేటికిని పిల్లల రక్త క్యాన్సరులో వాడబడుచున్నది. మంచి వైద్యము పూర్తిగా అందిన చోట్ల ఈ రోగములలో ఎక్కువగా వచ్చు రకమునకు గురియైన పిల్లలలో పదిమందికి ఎనిమిది మందికి పైగా నేడు బ్రదుకుచున్నారు.

ఆ 1948లోనే లెడర్లీలో బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ శాస్త్రవేత్త నేలలోని ఒక సూక్ష్మజీవినుండి తీసిన ఆరియోమైసిన్ అను మందును ప్రకటించెను. ఆ పరిశోధనను పెట్టించి నడిపించినవారు సుబ్బారావుగారు. టెట్రాసైక్లిన్ అను కుటుంబమునకు అది మొదటి మందు. ఎన్నో రకముల క్రిములను అది అణచెను. నేడు పండ్లకు రంగు పట్టునని పసివారికి ఆ మందు సాధారణముగా ఇయ్యరు. విసర్పికి పెన్సిలిను జాతి మందులు ఇత్తురు. అయినను పసిబిడ్డలను క్రిములనుండి తప్పింపలేని ఆ పాత చీకటి కాలమును వెళ్ళగొట్టిన మందులలో ఇదియు ఒకటి. మందు వెలువడిన కొలది వారములకే, 1948 ఆగస్టులో సుబ్బారావుగారు గుండె ఆగి నిద్రలోనే మరణించిరి. అప్పటికి ఆయన వయస్సు 53 ఏండ్లు. పేరు కొరకు ప్రాకులాడనివారు గనుక ఆయన పేరు ఎక్కువమందికి తెలియలేదు. 1995లో, ఆయన పుట్టిన నూరవ సంవత్సరమున, భారత ప్రభుత్వము ఆయన బొమ్మతో తపాలాబిళ్ళ వేసెను.

ఇప్పుడు ఒక మాట జాగ్రత్తగా చెప్పవలెను. ఇట్టి చరిత్ర విన్నప్పుడు మనలో కొందరు తొందరపడి ఒక తీర్పు చెప్పుదురు. ఆ బిడ్డ చనిపోయినందుననే ఈ మందులన్నియు వచ్చెననియు, దేవుడు ఒక బిడ్డను తీసికొని వేలమందిని బ్రదికించెననియు అందురు. మేము అట్లు చెప్పము. సుబ్బారావుగారు అట్లు చెప్పినట్లు మాకు తెలియదు. బిడ్డ పుట్టకమునుపే ఆయన ఈ త్రోవలో ఉండిరి. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి యెదుట నిలిచి లెక్కలు చెప్పుట దేవుని సేవకులకు తగదు. పుట్టు గ్రుడ్డివానిని చూచి, వీడు పాపము చేసెనా, వీని తల్లిదండ్రులు చేసిరా అని శిష్యులడిగినప్పుడు, మన ప్రభువు ఆ రెండింటిని త్రోసివేసెను. మన పల్లెలలో బిడ్డకు జబ్బు చేసిన వెంటనే తల్లి దోషము వెదకువారున్నారు. గర్భిణిగా ఉన్నప్పుడు గ్రహణము చూచెననియు, దిష్టి తీయలేదనియు, ఆదివారము ఆరాధన మానెననియు అందురు. ఇట్టి మాటలు ప్రభువు నోటినుండి వచ్చినవి కావు.

ఈ నెల వాక్యభాగములో ఒక ప్రధానిని చూచుచున్నాము. అతని కుమారుడు కపెర్నహూములో చావ సిద్ధమైయున్నాడు. అతడు కానాకు వచ్చియున్నాడు. రెండు ఊళ్ళ మధ్య ఒక దినపు నడక. యేసు అతనితో కూడ వెళ్ళలేదు; కుమారుడు బ్రదికియున్నాడని మాట మాత్రము చెప్పి పంపెను. ఆ తండ్రి మాట నమ్మి దారి పట్టెను. దాసులు ఎదురు వచ్చి కుశలవార్త చెప్పువరకు, ఆ దూరమంతయు అతడు మాట ఒక్కటే పట్టుకొని నడిచెను. దూరముననున్న తండ్రుల కొరకు ఈ భాగము వ్రాయబడినట్లు మాకు తోచుచున్నది. తల్లిని గూర్చి ఇందులో ఒక్క మాటయు లేదు. అయినను ఆ బిడ్డ ప్రక్కన ఎవరో కూర్చుండియుందురు గదా. జ్వరము విడిచిన గడియ వారికే మొదట తెలిసెను.

రాజుల రెండవ గ్రంథము నాలుగవ అధ్యాయములో మరియొక ఇల్లు కనబడును. షూనేమీయురాలికి చాలకాలమునకు పుట్టిన ఒక్కడే కుమారుడు. కోతకాలములో పొలములో తండ్రి యొద్దనుండగా తలనొప్పి అని మొరపెట్టెను. తండ్రి వానిని తల్లి యొద్దకు ఎత్తికొని పొమ్మని పనివానితో చెప్పి, కోత దగ్గర నిలిచెను. బిడ్డ మధ్యాహ్నమువరకు తల్లి ఒడిలో ఉండి చనిపోయెను. అప్పుడు గాడిద మీద కర్మెలు కొండకు పరుగెత్తినది తల్లియే. ఆ తండ్రి చెడ్డవాడని గ్రంథము చెప్పదు. చేను ఎదురుగా ఉన్నది, కోత ఆగదు, తలనొప్పి చిన్నదే అనుకొనెను. మన తండ్రులలో ఎంతమంది అట్లనుకొనలేదు?

ఆ బిడ్డ తిరిగి లేచెను. ప్రధాని కుమారుడు బ్రదికెను. శేషగిరిగారి కుమారుడు బ్రదుకలేదు. ఎందుకు అని మమ్ము అడిగినయెడల మా యొద్ద జవాబు లేదు. లాజరు సమాధి యొద్ద ప్రభువు కూడ జవాబు చెప్పకమునుపు కన్నీరు విడిచెను. అంతవరకు మాకు తెలియును.

కాని ఒక సంగతి నిశ్చయముగా చెప్పగలము. నాటి తల్లిదండ్రులకు లేనిది నేటి తల్లిదండ్రులకున్నది. ఆ దినములలో మన వైపు బిడ్డకు జబ్బు చేసినచో ఎడ్లబండి కట్టి జమ్మలమడుగు మిషను ఆసుపత్రికో, నంద్యాలకో చేరవలెను. చేరినను ఇయ్యదగిన మందు ఉండకపోవచ్చును. నేడు 108కి ఫోను చేసినచో బండి వచ్చును. ఆళ్ళగడ్డలో ఆసుపత్రి ఉన్నది. నంద్యాలలో పెద్దాసుపత్రి ఉన్నది. మందు ఉన్న కాలములో బిడ్డను ఇంట ఉంచుకొని ఆలస్యము చేయుట, మందు లేని కాలములో బిడ్డను పోగొట్టుకొనుట వంటిది కాదు.

కాబట్టి క్రొత్తగా తల్లిదండ్రులైనవారు ఈ గుర్తులు జ్ఞాపకముంచుకొనుడి. బిడ్డ పాలు త్రాగుట మానినను, ఎంత లేపినను మత్తుగా ఉన్నను, మూర్ఛ వచ్చినను ఆగవద్దు. రెండు నెలలలోపు బిడ్డకు జ్వరము వచ్చినను, ఒళ్ళు చల్లబడినను అది చిన్న సంగతి కాదు. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు ఒక నిమిషము ఊపిరి లెక్కించుడి. రెండు నెలలలోపు బిడ్డకు 60, ఆ పైన ఏడాదిలోపు బిడ్డకు 50, లేక అంతకు మించినచోను, ఊపిరి తీయునప్పుడు డొక్క లోపలికి పోవుచున్నను వెంటనే బయలుదేరుడి. బొడ్డు చుట్టునో మరెక్కడనో చర్మము ఎఱ్ఱబడి ఆ ఎఱుపు ప్రాకుచున్నచో అదియు అట్టిదే. నీళ్ళ విరేచనములైనప్పుడు తల్లిపాలు ఆపవద్దు, ఓ.ఆర్.ఎస్. పట్టుచు ఆసుపత్రికి పొండు. బొడ్డుమీద బూడిద గాని నూనె గాని పూయవద్దు. కడుపుమీద వాతలు పెట్టనియ్యవద్దు. ప్రార్థన చేయుడి, చేయుచునే బండి ఎక్కుడి. ప్రధాని ఇంట కూర్చుండి ప్రార్థింపలేదు, లేచి వెళ్ళెను.

దూరముననున్న తండ్రులారా, మీరు పంపు డబ్బుతో ఇల్లు నడుచుచున్నది. దానిని మేము తక్కువచేయము. అయితే బిడ్డ జబ్బున పడిన రాత్రి భార్యను ప్రశ్నలతో వేధింపవద్దు. ఎందుకు చూడలేదు, ఎందుకు ఆలస్యము చేసితివి అని అడుగుటకు అది సమయము కాదు. రాగలిగినచో రండి. రాలేనిచో, ఆమె ఒంటరిగా చేయుచున్న పనిని మీరు ఎరుగుదురని ఆమెకు తెలియజేయుడి.

సంఘస్థులారా, ఆ ఇంటికి వెళ్ళి మీకు తెలిసిన బిడ్డల చావులను వర్ణింపవద్దు. అన్నము వండి తీసికొని పొండు. వారి గొడ్డుకు మేత వేయుడి. ఆసుపత్రిలో ఒక రాత్రి ఆమె స్థానమున మీరు మేల్కొని, ఆమెను రెండు గంటలు నిద్రపోనియ్యుడి. బిడ్డ దక్కనియెడల నెల గడిచిన తరువాత కూడ వెళ్ళుడి. ఆ బిడ్డ పేరు పెట్టి పలుకుడి. పేరు వినబడుటయే ఆ తల్లికి కొంత ఆదరణ.

సుబ్బారావుగారు మన సంఘమువారు కారు. అయినను గాయపడినవానిని చూచి ప్రక్కగా పోక నిలిచిన ఆ సమరయుని గూర్చి ప్రభువు చెప్పునప్పుడు, అతడు ఏ సంఘమువాడని అడుగలేదు. తన ఒడిలో ఒక్కసారియైన పడుకొనని బిడ్డ గల ఆ తండ్రి, ఎరుగని దేశముల బిడ్డలు తమ తండ్రుల ఒడిలో పెరుగుటకు పని చేసెను. ఈ నెల మీ ఇంట ఉయ్యాల ఊగుచున్నచో దానియొద్ద కూర్చుండి దేవుని స్తుతించుడి. మీ వీధిలో ఖాళీయైన ఉయ్యాల ఏదైన ఉన్నచో, ఈ సాయంకాలమే ఆ ఇంటి గడప త్రొక్కుడి.